తలకొట్టిన మానిక

రిటైరవడానికి రెండేళ్ల ముందు మాట. ఎం.ఏ. క్లాసులో కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' చెబుతున్నాను. ఎన్నోసారి చెబుతున్నానో నాకే లెక్క లేదు. గోపన్న అప్పు, అప్పల్రాముడి మాట, శ్రీరాములునాయుడి తీర్పు, చివర సీతారాముడు చేసిన పని. తన కొడుకు ఆ అప్పుకి బానిస కాకూడదని కన్నబిడ్డనే చంపుకున్న తండ్రి దగ్గరికి వచ్చేసరికి క్లాసు ఎప్పుడూ నిశ్శబ్దమైపోతుంది. ఆ రోజూ అయింది. ఆ నిశ్శబ్దంలో వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి అడిగింది.

"మేడం, ఆ ఇంట్లో ఆడవాళ్లు కూలికి పోరా? వాళ్ల కూలి అప్పులో ఏ పద్దు కింద జమ పడింది?"

నేను ఏదో చెప్పాను. కథకుడి దృష్టి భూసంబంధాల మీద ఉందని, గ్రామంలో అభివృద్ధి పేరుతో జరిగిన మోసం మీద ఉందని చెప్పాను. అందులో అబద్ధం లేదు. కానీ అది ఆమె అడిగినదానికి జవాబు కాదు. ఆమె కూర్చుంది. వాళ్లమ్మ పత్తి తీతకి వెళ్తుందని, కిలోకి ఇంత అని తూకం వేసి డబ్బులిస్తారని ఆ తర్వాత మాటల్లో తెలిసింది. లెక్క ఎక్కడ తేడా వస్తుందో చిన్నప్పటి నుంచి చూసిన పిల్ల. కథలో కూడా ముందు పద్దు వైపే చూసింది. ముప్ఫై ఏళ్లు స్త్రీవాద విమర్శ చెప్పుకుంటూ తిరిగిన నేను ఆ వైపు చూడలేదు.

ఆ ప్రశ్న పట్టుకుని మన సాహిత్యంలో కూలి ఇచ్చే ఘట్టాలను మళ్లీ చదవడం మొదలుపెట్టాను. కూలి బతుకు ఉన్న రచనలు మనకి చాలానే ఉన్నాయి. నేను వెతికింది అంతకంటే చిన్న విషయం. పొద్దు గూకే వేళ కూలి ఇచ్చే ఆ నాలుగు నిమిషాలు. ఎవరు ఇస్తున్నారు, దేనితో కొలుస్తున్నారు, ఎవరి చేతిలో పడుతోంది, ఎంత తగ్గుతోంది?

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' 1922లో వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నిషేధించేటంత భయపెట్టిన వాటిలో కూలి తగాదా ఒకటి. కూలీల పక్షాన నిలబడిన సంగదాసు చౌదరయ్య చేతిలో ప్రాణం పోగొట్టుకుంటాడు. వందేళ్ల కిందటే కూలిని నవల నడిమధ్యకి తెచ్చిన రచన అది. ఆ గౌరవం తగ్గించే ఉద్దేశం నాకు లేదు. అయినా ఆ తగాదాని మనం ఎలా చదువుకున్నామో చూడండి. ఆసామి ఒకవైపు, కూలీల నాయకుడు ఒకవైపు. ఇద్దరూ మగవాళ్లే. 'కూలి' అనగానే మన మనసులో పడే బొమ్మ కూడా మగవాడిదే. భుజం మీద నాగలి, తలకి పాగా. మన అభ్యుదయ కవిత్వం నాగలిని ఎంతో ప్రేమించింది. కానీ నాటు వేసే మనిషికి పనిముట్టు ఏముంది? వంగిన నడుము, నీళ్లలో నానిన వేళ్లు. కలుపు తీసే మనిషికి మహా అయితే ఒక కొంకి. పనిముట్టు లేని పనికి మన కవిత్వంలో జెండా దొరకలేదు.

పనిముట్టు లేని పని కూలి లెక్కలో 'తేలిక పని' అయింది. పల్లెల్లో 'మగకూలి', 'ఆడకూలి' అని రెండు మాటలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఎవరూ వాటిని వివరించక్కర్లేదు. రెండోది తక్కువ, అంతే. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఒకే పనికి, ఒకే రకమైన పనికి స్త్రీ పురుషులకు వేతనంలో తేడా చూపకూడదంది. పొలంలో ఆ వాక్యం ఎక్కడ నిలబడుతుంది? దుక్కి, గట్లు చెక్కడం, మందు కొట్టడం మగవాళ్లవి. నాటు, కలుపు, పత్తి తీత, మిరపకాయల కోత ఆడవాళ్లవి. ఒకే పని అయితే కదా పోల్చి చూపించడానికి! పనిని ముందే రెండుగా విడగొట్టి ఉంచిన చోట సమానత్వం చట్టంలోకి వచ్చినా గట్టు దాటి పొలంలోకి దిగదు. ఆ చట్టాన్నీ, 1948 నాటి కనీస వేతనాల చట్టాన్నీ తనలో కలుపుకున్న 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. 'ఒకే రకమైన పని' అన్న మాట అందులోనూ అలాగే ఉంది.

అదే 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం కూడా వచ్చింది. పాలేరు జీతం గురించి మన కథకులు రాశారు. ఏడాదికి ఇన్ని బస్తాలని మాట్లాడుకునే ఆ జీతంలో పాలేరు భార్య చేసే పని కూడా కలిసిపోయి ఉండేది. తెల్లారగట్ట వచ్చి గొడ్లసావిడి ఊడవాలి. పేడ ఎత్తాలి, అంట్లు తోమాలి, పెళ్లిళ్లకి వడ్లు దంచాలి. మగవాడి జీతానికి ఆడమనిషి చాకిరీ కొసరు. ఆ కొసరుకి పద్దు లేదు. క్లాసులో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి నేను చెప్పాల్సిన జవాబు బహుశా ఇదే. జమ పడలేదమ్మా. జమ పడేలా ఉండి ఉంటే ఆ అప్పు అంతకాలం బతికేది కాదు.

ఇంతవరకు రాయడం నాకు కష్టం కాలేదు. మగ ఆసామి, మగ నాయకుడు, మగ రచయిత అని తేలిగ్గానే చెప్పుకుపోయాను. ఇక్కడి నుంచి చెప్పవలసింది మా ఇంటి సంగతి.

పదిహేనేళ్ల కిందట అమ్మల గురించి కూతుళ్లు రాసిన వ్యాసాల సంకలనానికి నేనూ ఒకటి రాశాను. మాది గుంటూరు జిల్లా డెల్టాలో ఒక పల్లె. నాలుగెకరాల మాగాణి నాన్న పేరు మీద. అమ్మ చేతికి డబ్బు వచ్చేది కాదు. నన్ను కాలేజీకి పంపడం నాన్నకి ఇష్టం లేదు. ఇంటర్మీడియెట్ పరీక్ష ఫీజు కట్టాల్సిన రోజు అమ్మ పోపుల డబ్బాలోంచి నలిగిన నోట్లు తీసి నాకిచ్చింది. గింజ గింజ కూడబెట్టి, నాన్నకి తెలియకుండా పెరటి గుమ్మంలో వడ్లు అమ్మి దాచిన డబ్బు. ఆ వ్యాసంలో అమ్మని గురించి గర్వంగా రాసుకున్నాను. భూమి లేని, ఆదాయం లేని ఒక స్త్రీ పితృస్వామ్యపు కళ్లుగప్పి కూతురికి చదువు దారి చూపించిందని రాశాను. చాలామంది ఉత్తరాలు రాశారు. తమ అమ్మలూ ఇలాగే చేశారన్నారు.

నాలుగేళ్ల కిందట, అమ్మ పోయాక ఊరికి వెళ్లినప్పుడు, మా పొలంలో నాట్లకి, కోతలకి వచ్చిన ఒకావిడ ఇంటికి వెళ్లాను. ఎనభై ఏళ్లుంటాయి. ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ముప్ఫై దాటిన ఆ మనిషిని పేరు పెట్టి 'ఏమే' అని పిలిచాను. మా ఇంట్లో అందరూ అలాగే పిలిచేవారు. ఆవిడ నన్ను 'అమ్మాయిగారూ' అనేది. అప్పుడు ఇష్టం వచ్చినట్టు వాడుకున్న పేరుని ఇప్పుడు అచ్చులోకి ఎక్కించే హక్కు నాకు లేదనిపించింది. ఆ రోజు నేను "బాగున్నారా?" అంటే ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా వచ్చారేమోనని. తర్వాత నవ్వింది.

మాటల మధ్యలో అమ్మ ప్రస్తావన వచ్చింది. "మంచి తల్లే" అంది. "పచ్చడి అడిగితే లేదనేది కాదు. జొరమొస్తే మాత్ర ఇచ్చేది. మానికే తలకొట్టి కొలిచేది."

అర్థం కాలేదన్నాను. చెయ్యి చూపించింది. అరచేతిని అడ్డంగా తిప్పి, మానిక అంచు మీదుగా గాలిలో గీసింది. కూలి గింజలు కొలిచేటప్పుడు పైన కుప్పగా నిలిచిన గింజల్ని అలా అరచేత్తో రాసేసేదట. వానాకాలంలో తిండికి అప్పు తీసుకున్నప్పుడూ అదే కొలత. కోతలయ్యాక తిరిగి కొలిచి ఇచ్చేటప్పుడు మాత్రం మానిక మీద గింజలు కుప్పగా నిలవాలి. ఆ పైన వడ్డీ గింజలు వేరే. "ఏం చేసిందో మాకు తెలుసులే అమ్మాయిగారూ. పెరట్లో అమ్మేది కదా! మీ ఫీజుకేనంట" అంది. ఆ గొంతులో కోపం లేదు. వాన పడింది, ఎండ కాసింది అన్నట్టే చెప్పింది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. మా వైపు నాలుగు గిద్దెలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. కోతకి ఇరవై మంది ఆడవాళ్లు వచ్చారనుకోండి. ఒక్కొక్కరి కూలి లోంచి రెండు గిద్దెలు పోయినా రోజుకి నలభై గిద్దెలు, అంటే రెండున్నర మానికలు. ఎనిమిది రోజుల్లో ఐదు కుంచాలు. ఒక్కొక్కరికి రెండు గిద్దెలంటే గుప్పెడు గింజలు. తగాదా పెట్టుకోవడానికి సిగ్గుపడేటంత తక్కువ. పిల్లలున్న ఇంట్లో తెలిసిపోయేటంత ఎక్కువ. నా చదువు ఆ గుప్పెళ్లలోంచి వచ్చింది.

అమ్మని దోషిగా నిలబెట్టడానికి ఇది రాయడం లేదు. అమ్మకి భూమి లేదు, జీతం లేదు, ఇంట్లో మాట చెల్లదు. ఆమె చేతిలో ఉన్న అధికారమల్లా ఆ మానిక ఒక్కటే. పై నుంచి తన మీద పడిన లేమిని తనకంటే కింద నిలబడ్డ ఆడవాళ్ల గిన్నెలోంచి పూడ్చుకుంది. ఇది అర్థం చేసుకోగలను. అర్థం చేసుకోవడం ఒక ఎత్తు, చెప్పకుండా దాటేయడం ఇంకో ఎత్తు. నా వ్యాసంలో 'గింజ గింజ కూడబెట్టి' అన్నాను. ఎవరి గింజ అని నన్నెవరూ అడగలేదు. ఉత్తరాలు రాసినవాళ్లూ అడగలేదు. మనందరి అమ్మలూ దాదాపు ఒకే రకం ఇళ్లలోంచి వచ్చినవాళ్లు కావడమే అందుకు కారణమేమో.

మన స్త్రీవాద సాహిత్యానికి వంటిల్లు ఒక పెద్ద ఆవిష్కరణ. విమల కవిత 'వంటిల్లు', 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం మాకు కళ్లు తెరిపించాయి. జీతం లేని చాకిరీని చాకిరీ అనడం నేర్పాయి. కానీ ఆ వంటింటికి పెరటి గుమ్మం ఒకటుంది. ఆ గుమ్మానికి ఇవతల నిలబడితే మనం పితృస్వామ్యానికి బలైనవాళ్లం. అవతలి మెట్టు మీద నిలబడినామెకి మనం కూలి ఇచ్చేవాళ్లం. దళిత స్త్రీలు ఈ మాట మనకి ఎప్పుడో చెప్పారు. చల్లపల్లి స్వరూపరాణి, జూపాక సుభద్ర, గోగు శ్యామల రాసినవి చదివి 'అవును, వాళ్ల సమస్యలు వేరు' అని ఒప్పుకున్నాం. సెమినార్లలో ఒక సెషన్ వాళ్లకి కేటాయించాం. వాళ్లు చెప్పింది మన గురించి కూడానని తలకెక్కించుకోలేదు. గోగు శ్యామల కథలు వాడలో నిలబడి పొలాన్నీ ఊరినీ చూస్తాయి. అక్కడి నుంచి చూస్తే మా పెరటి గుమ్మం ఎలా కనబడుతుందో నేను మొదటిసారి చదివినప్పుడు ఆలోచించలేదు. అవి 'దళిత కథలు' అని పక్కన పెట్టుకుని, మా అమ్మ కథని 'స్త్రీల కథ' అనుకున్నాను.

స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఈ విషయంలో మనకి దారి చూపించే పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కూర్చోబెట్టి వాళ్ల మాటల్లోనే చెప్పించారు. పోరాటం అంటే తుపాకీ అనుకున్న చోట తిండి, గింజలు, చాకిరీ, బిడ్డలు ముందుకొచ్చాయి. కూలి గురించి అటువంటి పని ఇంకా ఎంతో మిగిలి ఉంది. కూలి అందుకున్నవాళ్లనే కాదు, ఇచ్చినవాళ్లనీ అడగాలి. మన అమ్మలు పోకముందే అడగాలి. నేను ఆలస్యం చేశాను.

మానికలు ఇప్పుడు లేవు కదా, పాత సంగతి ఎందుకంటారేమో. మానిక పోయింది, కొలత పోలేదు. కోత మిషన్లు వచ్చాక గింజల కూలి పోయింది. కోతతో పాటు పరిగె ఏరుకోవడం కూడా పోయింది. ఆ పరిగె ముసలివాళ్లకీ పిల్లలకీ నెలరోజుల తిండి. నాట్లు ఇప్పుడు ఎక్కువగా గుత్తకి ఇస్తున్నారు. ఎకరాకి ఇంత అని ముఠా ఒప్పుకుని పంచుకుంటుంది. రోజుకూలి కంటే నాలుగు డబ్బులు ఎక్కువే వస్తాయి. అందుకే ఆడవాళ్లు కూడా గుత్తే కావాలంటారు. కానీ గుత్తలో వేగమే కూలి. నెలలు నిండుతున్నామె, మోకాళ్లు పట్టేసినామె, యాభై ఐదు దాటినామె ముఠాకి బరువు. వాళ్లని ఆసామి వద్దనక్కర్లేదు, తోటి ఆడవాళ్లే రావద్దంటారు. పూర్వం తలకొట్టే చెయ్యి అమ్మగారిది. ఇప్పుడు ఆ పని కూలి పద్ధతే చేస్తోంది.

ఇంకో కొలత దూరం. ఉన్న ఊళ్లో పని లేక ఆటోల్లో, ట్రాక్టర్ ట్రాలీల్లో కిక్కిరిసి వెళ్తారు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. ఎక్కువమంది పత్తి పొలానికి బయల్దేరిన ఆడవాళ్లు. రానూపోనూ పట్టే సమయం కూలి లెక్కలోకి రాదు. ప్రాణం అసలే రాదు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు మన రాష్ట్రంలో రోజుకి 80 రూపాయలు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 307 రూపాయలు. ఆ అంకెల కంటే నాకు ముఖ్యంగా కనిపించేది ఇంకోటి. చట్టం దృష్టిలో ఆడకూలి, మగకూలి అన్న రెండు మాటలు అక్కడ లేవు. దేశం మొత్తం మీద ఏళ్ల తరబడి సగానికి పైగా పనిదినాలు స్త్రీలవే. మట్టి కొలతల్లో కోతలు, ఆలస్యంగా పడే డబ్బులు అక్కడా ఉన్నాయి. అయినా 'ఈ కూలికి రాను' అని ఆసామితో అనగలిగే ధైర్యం కొంత ఆ పథకం వల్ల వచ్చింది. మా బంధువుల ఇళ్లలో ఏ పెళ్లికి వెళ్లినా 'కూలివాళ్లు దొరకడం లేదు, పథకం వాళ్లని పాడుచేసింది' అన్న మాట వినిపించేది. ఆ మాట ఎక్కువగా ఆడవాళ్ల నోటి నుంచే విన్నాను. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరే చట్టం చేసింది. రోజుల్ని 100 నుంచి 125కి పెంచుతూనే, విత్తనాలు, కోతల కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపే వీలు అందులో పెట్టారు. కూలి అడగడానికి బలం ఉండే కాలం ఆ రోజులే. పెళ్లి పందిట్లో విన్న ఫిర్యాదు చట్టం దాకా వెళ్లింది.

2011 జనాభా లెక్కల్లో మన దేశంలో సాగుదారులు 11.88 కోట్లయితే వ్యవసాయ కూలీలు 14.43 కోట్లు. అంతకు పదేళ్ల ముందు లెక్క తిరగబడి ఉండేది. సాహిత్యంలో మాత్రం ఇంకా రైతే ఎక్కువ. రైతు కన్నీరు, రైతు ఆత్మహత్య, రైతు స్త్రీ. ఆ దుఃఖం అబద్ధమని కాదు. 'రైతు స్త్రీ' మీద పేపర్లు రాసినప్పుడు నేను ఒక్కసారి కూడా ఆమె చేతిలో మానిక ఉందని రాయలేదు. ఇకనుంచి ఏ పల్లె కథ చదివినా ఆ క్లాసులో అమ్మాయి అడిగిన ప్రశ్న నేనూ అడుగుతాను. ఎవరి కూలి ఏ పద్దు కింద జమ పడింది? కథలో కూలి ఇచ్చే వేళ ఎందుకు చీకట్లో ఉండిపోయింది? ఇచ్చిన చెయ్యి ఎవరిది?

అమ్మ మానిక ఇప్పుడు హైదరాబాదులో మా ఇంట్లోనే ఉంది. ఇత్తడిది. తళతళలాడేలా తోమించి హాల్లో పెట్టి, అందులో ఎండు పూలు వేశాను. వచ్చినవాళ్లు బాగుందంటారు, పాతకాలపు వస్తువు ఎక్కడ దొరికిందని అడుగుతారు. దాన్ని తోమినామెకి నెలకి ఎంత ఇస్తున్నానో ఎవరూ అడగలేదు. ఆమె అడిగిన పెంపు గురించి 'చూద్దాంలే' అని మూడు నెలలు గడిపాను. ఈ వ్యాసం రాస్తుండగానే ఆమె అడిగినంతా పెంచి, ఆ మూడు నెలల తేడా కూడా ఇచ్చాను. ఇది చెప్పుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది.

అమ్మల వ్యాసాల సంకలనం మళ్లీ అచ్చు వేస్తున్నారట. మార్పులుంటే పంపమన్నారు. మిగతాదంతా అలాగే ఉంచాను. 'గింజ గింజ కూడబెట్టి' అన్నచోట మాత్రం ఒక వాక్యం చేర్చాను: 'ఆ గింజలు మా పొలంలో కోత కోసిన ఆడవాళ్ల కూలిలోంచి మా అమ్మ మిగుల్చుకున్నవి.'